కాళ్ళు నిలవని బాతు పిల్లను సాకడం: ఏ ఉపాయం ఎప్పుడు ఎంచుకోవాలి

మాసూళ్ళు ముగిసి వరి చేలు ఖాళీ అయ్యే రోజుల్లో కృష్ణా, గోదావరి డెల్టా పల్లెల్లో బాతుల మందలు గట్ల వెంట సాగిపోతూ ఉంటాయి. రాలిన గింజలను, నత్తలను, పురుగులను ఏరుకు తింటూ ఒక ఊరి నుంచి మరొక ఊరికి పోయే ఆ మందల వెనుక, నడవలేక ఆగిపోయిన పిల్ల ఒకటో రెండో కాలువ గట్టున మిగిలిపోవడం అక్కడివారికి కొత్త కాదు. నాకు దొరికిన మొదటి పిల్ల అలాంటిదే. రెక్కల మొలకలను తెడ్లలా నేలకు ఆనించి, పొట్ట మీద పాకుతూ, బురదలో సన్నని చార గీసుకుంటూ ముందుకు వస్తోంది. కాళ్ళు వంకరగా కనిపించగానే నేను ఐస్‌క్రీం పుల్ల విరిచి, ప్లాస్టరు చుట్టి కట్టు కట్టాను. మరునాటి ఉదయానికి వేళ్ళ మధ్య పొర నీలం రంగుకు తిరిగి చల్లబడింది. వెంటనే కట్టు విప్పాను కనుక కాలు దక్కింది కాని, ఒక రోజు వృథా అయింది. ఆ పిల్లకు కావలసింది కట్టు కాదని, తిండిలో లేని ఒక విటమిన్ అని పశువైద్యుడు చూసి చెప్పిన తరువాతనే నాకు తెలిసింది.

అందువల్ల నేల, తిండి, కట్టు వంటి ఉపాయాలను పోల్చే ముందు చెప్పవలసిన మాట ఒకటుంది. బాతు పిల్ల కాలు చూడగానే కట్టవద్దు. ముందు జారని నేల, తరువాత తిండి, ఆ తరువాతే కట్టు అనే వరుసను పాటిస్తే చాలా పిల్లలకు కట్టు అవసరమే రాదు. అయితే ఆలోచిస్తూ రోజులు గడపడానికి కూడా వీల్లేదు. పెకిన్ జాతి బాతు పిల్ల గుడ్డులోంచి వచ్చినప్పుడు 50, 60 గ్రాములు ఉండి, ఏడు వారాలకు సుమారు మూడు కిలోలు తూగుతుంది. మన నాటు బాతులు అంత వేగంగా పెరగవు కాని, వాటిలో కూడా మెత్తని ఎముక ఏ వంకరలో ఉంటే ఆ వంకరలోనే కొద్ది రోజుల్లో గట్టిపడిపోతుంది.

ముందు ఏ రకం కాలో పోల్చుకోవాలి

బాతు కాలు మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించే కీలును మనం మోకాలు అనుకుంటాం. నిజానికి అది మడమ. మోకాలు పైన ఈకల చాటున ఉంటుంది. కాళ్ళ జబ్బుల్లో చాలావాటికి ఆనవాలు ఈ మడమ కీలు దగ్గరే దొరుకుతుంది కనుక, పిల్లను చేతిలోకి తీసుకుని రెండు మడమలనూ పక్కపక్కన పెట్టి వెలుతురులో చూడడం మొదటి పని.

రెండు మడమలూ ఇంచుమించు సమానంగా ఉబ్బి, కాళ్ళు విల్లులా వంగి, పిల్ల రెండడుగులు వేసి కూర్చుండిపోతుంటే నయాసిన్ అనే బి-3 విటమిన్ లోపాన్ని అనుమానించాలి. రెండు కాళ్ళూ చెరో పక్కకు జారిపోయి పిల్ల నేలకు అతుక్కున్నట్టు ఉంటే అది నున్నని నేల మీద పెరిగినందువల్ల వచ్చిన చాపుడు కాలు. ఒక్క కాలే పక్కకు మెలితిరిగి, మడమ వెనుక భాగం గుండ్రంగా కాకుండా చదునుగా, వాచి కనిపిస్తే కీలు వెనుక గాడిలో ఉండవలసిన నరం పక్కకు జారిందని అర్థం. వైద్యుల భాషలో అది స్నాయువు, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది. కాలు బాగానే ఉండి వేళ్ళు మాత్రం లోపలికి ముడుచుకుంటే బి-2 విటమిన్ లోపమో, గుడ్డులో ఉండగానే వచ్చిన వంకరో అయి ఉంటుంది. అరికాలిలో నల్లని పెచ్చు, దాని చుట్టూ వాపు ఉంటే అది పుండు. చాలాసార్లు స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి గీరుకున్న చోటి నుంచి లోపలికి చేరడం వల్ల వస్తుంది. కాళ్ళతో పాటు మెడ కూడా వాలిపోతుంటే అది కాలి జబ్బే కాదు. చచ్చిన చేపలు, కళేబరాలు కుళ్ళిన నీటి నుంచి సోకే బొటులిజం కావచ్చు కనుక, ఈ వ్యాసం చదవడం ఆపి పిల్లను పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.

నేల: పేపరు, ఊక, గోనె, గుడ్డ

ఇంట్లో వెంటనే చేతికి అందేది పాత దినపత్రిక. అదే అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. తడి తగలగానే అది పింగాణీ పలకలా జారుతుంది. మంచి కాళ్ళున్న పిల్ల కూడా దాని మీద మూడు నాలుగు రోజులు ఉంటే కాళ్ళు చాపేస్తుంది. ఊక చవకగా దొరుకుతుంది, తడిని కొంత పీల్చుతుంది. అయితే పిల్లలు దాన్ని తినబోతాయి, దుమ్ము ముక్కుల్లోకి పోతుంది, పైగా బాతు ఉన్న చోట నీళ్ళు ఒలకకుండా ఉండవు కనుక రెండో రోజుకే బూజు పడుతుంది. ఆ బూజు పక్షి ఊపిరితిత్తులకు ప్రమాదం. వరిగడ్డిదీ అదే చిక్కు. గోనె సంచి జారదు, గాలి ఆడుతుంది, కడిగి ఎండవేయవచ్చు. కాని దాని పీచు ఊడివచ్చి పిల్ల వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది. రెండు వారాలు దాటని పిల్లకు దాన్ని నేరుగా పరచవద్దనే నేను చెబుతాను.

నా ఎంపిక, గరుకుగా ఉండే రబ్బరు చాప మీద ఉతికి మెత్తబడిన పాత నూలు లుంగీ ముక్క. అంచుల్లో వేలాడే దారాలు కత్తిరించి, ముడతలు లేకుండా చాప కిందికి మడిచి, రోజుకు మూడు నాలుగు సార్లు మార్చాలి. ఉతకడం పనే, కాదనను. అయినా చాపుడు కాలు మొదటి రెండు మూడు రోజుల్లో ఉన్న పిల్లలు ఈ ఒక్క మార్పుతోనే లేచి నిలబడడం చూశాను.

వెచ్చదనం గురించి ఒక ముఖ్యమైన తేడా గుర్తుంచుకోవాలి. మొదటి వారం సుమారు 32 డిగ్రీలు, ఆపై వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించడం అనే లెక్క నడవగలిగే పిల్లలకు సరిపోతుంది. ఎందుకంటే వేడి ఎక్కువైతే అవి బల్బు నుంచి దూరంగా జరుగుతాయి. కాళ్ళు లేవని పిల్ల జరగలేదు. దాన్ని బల్బు కింద నేరుగా పెట్టకుండా వెలుగు అంచున పెట్టి, నోరు తెరిచి రొప్పుతోందా, వణుకుతూ ముడుచుకుంటోందా అని గంటకొకసారి చూడాలి. మన ఎండాకాలంలో పగటిపూట బల్బు అసలే అక్కరలేదు.

నయాసిన్: మాత్ర, ఈస్ట్, సిరప్, వంటింటి సరుకు

చాలా ఇళ్ళలో తప్పు జరిగేది ఇక్కడే కనుక కొంచెం వివరంగా చెబుతాను. కోడిపిల్లకు కిలో దాణాలో 27 నుంచి 35 మిల్లీగ్రాముల నయాసిన్ సరిపోతే, బాతు పిల్లకు సుమారు 55 మిల్లీగ్రాములు కావాలి. ట్రిప్టోఫాన్ అనే మాంసకృత్తుల భాగం నుంచి నయాసిన్‌ను తయారు చేసుకునే శక్తి బాతుకు తక్కువ. మందతో తిరిగే పిల్లకు పురుగులు, నత్తలు ఆ లోటు తీరుస్తాయి. మనం అట్టపెట్టెలో పెట్టి నూకలో, అన్నమో, బ్రెడ్డో పెట్టిన రోజు నుంచి లోటు మొదలవుతుంది. జాలిపడి తెచ్చిన పిల్ల మన ఇంట్లోనే కుంటిదైపోయే మార్గం ఇది.

మొదటి మార్గం మాత్ర. మందుల దుకాణంలో నికోటినమైడ్ (నయాసిన్‌కే మరో రూపం) ఉన్న బి-కాంప్లెక్స్ మాత్రలు దొరుకుతాయి. అట్ట మీద ఒక మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములు ఉందో రాసి ఉంటుంది. నాలుగు లీటర్ల నీటికి 100 నుంచి 150 మిల్లీగ్రాములు అనేది బాతులు పెంచేవారు ఎక్కువగా పాటించే కొలత. అంటే 50 మిల్లీగ్రాములున్న మాత్రను పొడి చేసి రెండు లీటర్ల నీటిలో కలిపి, పిల్లకు ఆ నీళ్ళు తప్ప వేరే నీళ్ళు పెట్టకుండా, రోజూ కొత్తగా కలపాలి. నెమ్మదిగా కరిగేలా తయారు చేసిన మాత్రలు దీనికి పనికిరావు. తొందరగా గుణం కనిపించాలని పదింతలు కలపడం కూడా తగదు. నీటిలో కరిగే విటమిన్ అయినా మితిమీరితే కాలేయానికి భారమే.

రెండవది బ్రూవర్స్ ఈస్ట్ పొడి, అంటే బీరు తయారీలో వాడే ఈస్ట్‌ను ఎండబెట్టి, జీవం లేకుండా చేసిన పొడి. కప్పు దాణాకు ఒకటి, ఒకటిన్నర పెద్ద చెంచాల చొప్పున, దాణాను కొంచెం తడిపి కలిపితే పిల్లలు ఇష్టంగా తింటాయి. ఇందులో నయాసిన్‌తో పాటు ఇతర బి విటమిన్లు కూడా ఉంటాయి కనుక వారాల తరబడి వాడడానికి ఇదే మేలు. బేకరీలో పిండి పొంగించడానికి వాడే ఈస్ట్ మాత్రం ఇది కాదు. అది బతికి ఉన్న ఈస్ట్, కడుపులో పులుస్తుంది. పేరు ఒకటే కదా అని దాన్ని కలపవద్దు.

మూడవది పిల్లలకు పోసే బి-కాంప్లెక్స్ సిరప్. అత్యవసరానికి ఒక రాత్రి గడవడానికి తప్ప నేను దీన్ని సిఫారసు చేయను. పంచదార ఎక్కువ, నయాసిన్ తక్కువ, నీళ్ళ గిన్నెలో కలిపితే ఎండాకాలంలో సాయంత్రానికి పులిసిపోతుంది.

నాలుగవది వంటింటి సరుకు. తవుడులో నయాసిన్ చాలా ఉందని చదివినవారు దాన్నే పెడదామనుకుంటారు. ఉన్నమాట నిజమే కాని, అందులో ఎక్కువ భాగం పక్షి కడుపు విడదీసుకోలేని రూపంలో బంధించి ఉంటుంది. పైగా తవుడు త్వరగా ముక్కిపోతుంది. వేరుశనగ చెక్కలో కూడా నయాసిన్ మెండు, అయినా బాతు పిల్లకు అది పెట్టవద్దని గట్టిగా చెబుతాను. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చనిపోయినప్పుడు, చివరకు దోషం బ్రెజిల్ నుంచి వచ్చిన బూజు పట్టిన వేరుశనగ చెక్కలో దొరికింది. అఫ్లాటాక్సిన్ అనే విషం అలా బయటపడింది. ఆ విషానికి బాతు పిల్లలు ఎంత త్వరగా లోనవుతాయంటే, తరువాతి కాలంలో దాణాలో ఆ విషం ఉందో లేదో తేల్చడానికి పరిశోధనశాలల్లో బాతు పిల్లలనే వాడారు. మన తేమ వాతావరణంలో నిల్వ ఉన్న చెక్కను కంటితో చూసి మంచిదని తేల్చలేము. ఉప్పు లేకుండా ఉడికించి ముళ్ళు తీసిన చిన్న చేప, ఉడికించి మెదిపిన పచ్చి బఠాణీ మాత్రం మంచి తోడు. ఉప్పుచేప ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ఈ నాలుగింటిలో నా వరుస ఇది. దొరికిన రోజే మాత్ర నీళ్ళు మొదలుపెట్టి, ఈస్ట్ తెప్పించుకుని, అది చేతికి వచ్చాక మాత్రను తగ్గించి, పిల్లకు పది వారాలు వచ్చే వరకు ఈస్ట్ కొనసాగించాలి. లోపం కొత్తదైతే కొద్ది రోజుల్లోనే నడకలో తేడా తెలుస్తుంది. వారం దాటినా మార్పు లేకపోతే మన అంచనాయే తప్పి ఉండవచ్చు. నాకు దొరికిన పిల్లకు అప్పటికే పన్నెండు రోజులు దాటి ఉంటాయని వైద్యుడు అంచనా వేశారు. దానికి వాపు తగ్గింది, నడక వచ్చింది, వంకర మాత్రం పూర్తిగా పోలేదు.

అసలు మేతగా కోడిపిల్లల స్టార్టర్ దాణా వాడవచ్చు. మాంసకృత్తులు మొదటి రెండు మూడు వారాలు 20, 22 శాతం ఉండి, ఆ తరువాత తగ్గాలి. మందు కలపని దాణా అడిగి తెచ్చుకోవాలి. దాణా గిన్నె పక్కనే, ముక్కు రంధ్రాల వరకు ముంచగలిగే లోతున్న నీళ్ళ గిన్నె ఎప్పుడూ ఉండాలి; పొడి దాణా తిని నీళ్ళు అందని పిల్లకు గొంతు అడ్డుపడుతుంది. నడవలేని పిల్లకు రెండు గిన్నెలూ తల తిప్పితే అందేంత దగ్గరగా పెట్టాలి.

కట్టు: ఎప్పుడు, ఎలాంటిది

ఇంట్లో ధైర్యంగా వేయదగిన కట్లు రెండే. చాపుడు కాలికి వేసే జంట కట్టు మొదటిది. సెంటీమీటరు వెడల్పున్న మెత్తని క్రేప్ బ్యాండేజీ పట్టీని ఒక్కొక్క కాలికి మడమ కింద వదులుగా చుట్టి, మధ్యలో పట్టీని వదిలి, రెండు కాళ్ళూ ఒంటి కిందికి సహజంగా వచ్చేంత దూరంలో నిలిపి అతికించాలి. మరీ దగ్గరకు లాగితే పిల్ల బోర్లా పడుతుంది. రోజుకొకసారి విప్పి చర్మం చూసి, కొత్తది వేయాలి. మూడు నాలుగు రోజుల్లో ఫలితం తెలుస్తుంది. ఈ కట్టు ఉన్నప్పుడు పిల్లను లోతు నీళ్ళలో దించకూడదు.

రెండవది ముడుచుకున్న వేళ్ళకు వేసే చెప్పు. మాత్రల డబ్బా అట్టను పాదం ఆకారంలో కత్తిరించి, వేళ్ళను విప్పి దాని మీద పరచి, మైక్రోపోర్ టేపుతో పైనుంచి అతికిస్తే చాలు. తడిస్తే అట్ట మెత్తబడుతుంది కనుక రోజూ మార్చాలి. వీటిలో ఏది వేసినా అరగంట తరువాత వేళ్ళ రంగు, వెచ్చదనం రెండో కాలితో పోల్చి చూడడం మరచిపోవద్దు. మామూలు ప్లాస్టరు బదులు మైక్రోపోర్ వాడమనడానికి కారణం, విప్పేటప్పుడు అది లేత చర్మాన్ని ఊడదీయదు.

జారిన నరానికీ, విరిగిన ఎముకకూ ఇంటి కట్టు కట్టవద్దు. నరం జారిన మొదటి రోజో రెండో రోజో అయితే అనుభవమున్న వైద్యుడు కాలిని కొంచెం చాచి, వేలితో నెట్టి దాన్ని తిరిగి గాడిలోకి తేగలడు. ఆలస్యమైన కొద్దీ గాడి పూడిపోతుంది. మాంగనీసు, కోలిన్, బయోటిన్ లోపాలు ఈ జారుడుకు దారితీస్తాయి కనుక పశువుల మందుల దుకాణంలో దొరికే ఖనిజ విటమిన్ మిశ్రమం మిగిలిన పిల్లలకు ముందుజాగ్రత్తగా పనికివస్తుంది కాని, ఒకసారి జారిన నరాన్ని ఏ మందూ వెనక్కి తేదు. పక్షి ఎముక సరిగ్గా అమరితే ఇంచుమించు మూడు వారాల్లో అతుక్కుంటుంది, వంకరగా అమరితే వంకరగానూ అంతే త్వరగా అతుక్కుంటుంది.

నీళ్ళు, ఊయల, విశ్రాంతి

కాలి మీద బరువు పడకుండా కండ పని చేయాలంటే నీటిని మించినది లేదు. గోరువెచ్చని నీళ్ళు బేసిన్లో పోసి, పాదాలు అడుగును తగిలీ తగలనట్టుండే లోతులో, పొట్ట కింద అరచెయ్యి పెట్టి, అయిదు నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు ఈదనివ్వాలి. తల్లి దగ్గర పెరిగే పిల్లకు తల్లి ఈకల నుంచి నూనె అంటుతుంది. మన దగ్గరున్న పిల్లకు అది లేదు కనుక త్వరగా తడిసి చలికి వాలిపోతుంది. నీటిలో ఒంటరిగా వదిలి ఫోను తీయడానికి కూడా పక్కకు పోకూడదు. తీయగానే మెత్తని తువ్వాలుతో అద్ది వెచ్చగా ఉంచాలి. అరికాలి పుండున్న పిల్లకు ఈతకు బదులు ఎప్సమ్ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో పాదం మాత్రం పది నిమిషాలు నానబెట్టి, పొడిగా తుడిచి, పుండు పెద్దదైతే వైద్యునికి చూపాలి. ఆ నీళ్ళు అది తాగకుండా చూసుకోవాలి.

గుడ్డకు కాళ్ళు దూరే రెండు కంతలు, వెనుక రెట్ట పడడానికి ఒకటి చేసి, చిన్న బుట్టకు కట్టే ఊయల వేరొక మార్గం. నాలుగైదు రోజులుగా పొట్ట మీదే పడి ఉండి రొమ్ము ఎముక దగ్గర ఈకలు రాలి ఎర్రబడిన పిల్లకు ఇది ఊరట. అయితే అరగంట మించితే పిల్ల అలసి తిండి మానేస్తుంది. నీళ్ళు పోయగల వీలున్న ఇంట్లో ఊయల రెండో ఎంపికే.

ఇల్లా, ఆసుపత్రా

వంటింటి తూకం మీద రోజూ ఉదయం పిల్లను తూచి రాసుకోండి. తూకం పెరుగుతూ ఉంటే ఇంట్లో కొనసాగించవచ్చు. రెండు రోజులు వరుసగా తగ్గితే ఆసుపత్రికి పోవాలి. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వివరాలు తెలుస్తాయి. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలకు దగ్గరలో ఉన్నవారికి అక్కడికి తీసుకుపోవడం మంచి ఎంపిక.

నొప్పి మందు సొంతంగా వేయవద్దు. ఇంట్లో మనం మింగే డైక్లోఫెనాక్ పక్షుల మూత్రపిండాలను ఎంత దెబ్బతీయగలదో, ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని చనిపోయిన రాబందుల విషయంలో దేశమంతా చూసింది. 2006లో పశువులకు దాని వాడకాన్ని నిషేధించింది కూడా అందుకే. బరువును బట్టి వైద్యుడు రాసే మోతాదు వేరు, మాత్రలో చిటికెడు గీకి వేయడం వేరు.

దొరికింది అడవి బాతు పిల్లేమో కూడా చూసుకోవాలి. కొల్లేరు వంటి చోట్ల, నల్లని ఒంటి మీద తెల్లని మచ్చలున్న పిల్ల దొరికితే అది పెంపుడుది కాకపోవచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెంచుకోకూడదు. వెచ్చగా పెట్టెలో ఉంచి అటవీ శాఖకు అప్పగించాలి. ఏ పిల్లనైనా, ఇంట్లో ఉన్న కోళ్ళ నుంచి కనీసం రెండు వారాలు వేరుగా ఉంచి, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. బాతులు జబ్బు లక్షణాలు కనబడకుండానే ఆ వైరస్‌ను మోయగలవు. చుట్టుపక్కల కోళ్ళు ఒక్కసారిగా చనిపోతున్న రోజుల్లో పిల్లను ఇంటికి తేకుండా పశుసంవర్ధక శాఖకు తెలపడమే సరైన ఎంపిక.

కొన్ని పిల్లలు బాగుపడవు. రెండు కాళ్ళలోనూ నరం జారి, తిండి మానేసి, తాకితే అరిచే పిల్లను ఇంకో వారం అలాగే ఉంచడం కంటే నొప్పి లేకుండా పంపడం గురించి వైద్యునితో మాట్లాడడం దానికి చేసే మేలే. ఆ నిర్ణయం తీసుకున్నవారు పిల్లను వదిలేసినట్టు కాదు.

బాగుపడిన దాన్ని ఏం చేయాలన్నది చివరి ఎంపిక. కాళ్ళు పూర్తిగా కుదురుకుంటే, ఈకలన్నీ వచ్చాక బాతులు పెంచే ఇంటికి ఇవ్వడం మంచిది. బాతు ఒంటరిగా బతికే పక్షి కాదు. కుంటు మిగిలిన దాన్ని రోజుకు మైళ్ళ దూరం నడిచే మందకు ఇవ్వవద్దు. మెత్తని మట్టి ఉన్న పెరడు, తోడుగా మరొక బాతు, ఎక్కి దిగడానికి మెట్టు లేని నీళ్ళ తొట్టి దానికి సరిపోతాయి. నా దగ్గర ఉండిపోయిన ఆ మొదటి పిల్ల కోసం తొట్టి పక్కన ఇటుకలు ఏటవాలుగా పేర్చి పైన గోనె పరిచాను. పెద్దదైన బాతుకు గోనెతో భయం లేదు. ఎడమ కాలు ఇప్పటికీ కొంచెం లోపలికి తిరిగే ఉంటుంది. ఉదయం నెమ్మదిగా ఆ దారి ఎక్కి నీళ్ళలోకి దిగుతుంది. గోనె నాచు పట్టి జారకుండా వారానికొకసారి మారుస్తున్నాను.